పళ్ళ దయ్యం కాపలా

మొన్న విస్సన్నపేట నుంచి చుట్టాలు పంపిన రసాల పెట్టె విప్పితే అట్ట వాసన, ప్లాస్టిక్ వల వాసన వచ్చాయి గానీ, వరిగడ్డీ పాత కాగితమూ మామిడి సొనా కలిసిన ఆ వాసన రాలేదు. అది వాళ్ళ తప్పు కాదని తెలుసు. అయినా ఫోన్ చేసి చెప్పాను.

అరవైల మొదట్లో మా తోటలో కాయ కోత మొదలైతే తాటాకు పాకలో గంపలు వరసగా పేర్చేవాళ్ళు. అడుగున గడ్డి, దాని మీద కాగితం, ఆపైన కాయలు. ఆ కాగితం మద్రాసు నుంచి కట్టలుగా వచ్చేది. ఒక వేసవిలో ఆ కట్టల్లో ఎవరో దొరల పిల్లలు చదివి పారేసిన రంగు బొమ్మల పుస్తకాలు బయటపడ్డాయి. గంపల్లోకి పోయినవి పోగా కొన్నింటిని నేను గౌనులో దాచి ఇంటికి తెచ్చుకున్నాను. ఇంగ్లీషు రాదు కాబట్టి కథలు మేమే కట్టుకున్నాం. ఒకడు ఒళ్ళు తడిస్తేనే బలవంతుడు. ఎండాకాలం దొంగల్ని పట్టాలంటే పాపం నీళ్ళ డబ్బా మోసుకు తిరగాలి. ఇంకొకడు చచ్చిపోయిన పళ్ళ డాక్టరు. తను పీకిన పళ్ళన్నీ తన నోట్లోనే మూడు వరసలుగా పెట్టుకుని, మిగిలినవాటి కోసం ఊళ్ళోకి వచ్చేవాడు. వాణ్ణి పళ్ళ దయ్యం అనేవాళ్ళం. వాణ్ణి చూశాక పిల్లలందరం పొద్దున్నే ఎవరూ చెప్పకుండానే వేపపుల్ల నమిలాం.

మరుసటి మాఘంలో గాలి కొట్టి పిందె సగం రాలింది. పెదనాన్న చుట్ట ఆర్పి మరీ నా పుస్తకాల దగ్గరికి వచ్చాడు. "దయ్యాల్ని ఇంట్లో పెట్టుకుని మేపుతుంటే పిందె నిలుస్తుందా? సాయంత్రం నీళ్ళ పొయ్యిలో పెట్టేయండి" అన్నాడు. గాలి సంగతి గాలినడగాలి గానీ నన్నడగడమేమిటని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటున్నాను.

అదే గాలికి తోట మొగలో దిష్టికుండ కూడా పగిలింది. కొత్త కుండ మీద మొహం వేయమని నాయనమ్మ పెదనాన్న కొడుకు శేషు అన్నయ్యకు చెప్పింది. సున్నమూ బొగ్గూ పెట్టి వాడు వేసిన మొహం బేరానికి పిలుస్తున్న మిఠాయి కొట్టు ఆసామిలా ఉంది.

"దీన్ని చూసి దిష్టి పోదురా, అప్పు అడుగుతారు," అంది నాయనమ్మ.

నేను కుండ లాక్కుని, అది తుడిచేసి, పుస్తకం పక్కన పెట్టుకుని పళ్ళ దయ్యాన్ని దించాను. మూడు వరసలూ దించాను. పొద్దు వాలే వేళ తోటకొచ్చిన పెదనాన్న కొమ్మకు వేలాడుతున్న కుండను చూసి రెండడుగులు వెనక్కి వేశాడు.

"ఎవడేశాడ్రా ఇది?"

"నేనే నాన్నా. ఆ పుస్తకంలో చూసి," అన్నాడు శేషు అన్నయ్య, చేతులకంటిన సున్నం ఎప్పుడో కడిగేసుకుని.

నేను నోరు తెరిచేలోపు నాయనమ్మ నా జబ్బ పట్టుకుని చెవిలో చెప్పింది. "మాట్లాడకే. ఆడపిల్ల దయ్యం బొమ్మేసిందంటే కుండా దింపుతాడు, పుస్తకాలూ కాలుస్తాడు. నీకు పేరు కావాలా, పుస్తకాలు కావాలా?"

సున్నం చేతులు పరికిణీ వెనక దాచుకున్నాను.

"అయితే ఆ పుస్తకాలు ఉంచండి," అన్నాడు పెదనాన్న. "ఈ మొహం వెలిసిపోతే ఇంకోటి కావాలిగా."

అలా బతికాయి నా పుస్తకాలు. ఏటా కుండ నేనే వేశాను, ఏటా మెప్పు వాడికే వచ్చింది. జి. కొండూరు నుంచి వచ్చిన బేరగాళ్ళు వాడి భుజం తట్టి వెళ్ళేవాళ్ళు. ఇప్పటికీ పెళ్ళిళ్ళలో మనవలకు ఆ కథ చెప్పుకుంటాడు. నేను విస్తరి దగ్గర నుంచి లేచిపోతాను.

ఇప్పుడు తోటల్లో కుండలు లేవు, సినిమా తారల ఫ్లెక్సీలు కడుతున్నారు. చెదలు వదిలిన పుస్తకాలు రెండే మిగిలాయి. ఇంగ్లీషు వచ్చాక వాటిని అట్ట నుంచి అట్ట దాకా వెతికాను. అచ్చువేసిన వాళ్ళ పేరుంది, వెల ఉంది, బొమ్మలు గీసిన వాళ్ళ పేరు మాత్రం లేదు. ఒక్కొక్క పన్నుకూ నీడ పెట్టి, తడి వీరుడి డబ్బాకు సొట్ట కూడా మరవకుండా వేసి, ఎక్కడో నూజివీడు పక్క పిల్లకు అన్ని వేసవుల సంతోషమిచ్చిన ఆ మనుషులెవరో నాకు తెలియదు. వాళ్ళకు చేతులెత్తి దండం పెడతాను. వాళ్ళ ఇంట్లోనూ ఒక శేషు అన్నయ్య ఉండే ఉంటాడు.