ముందు డోరు వైరు

2006 నాటికి నోయిడాలో మా షాపు కాస్త నిలదొక్కుకుంది. పెద్ద రోడ్డు మీద సీటు కవర్లు, సన్ ఫిల్ములు అమ్మే దుకాణాలుంటే, వాటి వెనక గల్లీలో మాలాంటి ఫిట్టర్లుండేవాళ్లు. షట్టర్ లోపల సామాను పెట్టుకునేంత చోటే ఉండేది. పనంతా బయట, తలుపులూ డిక్కీ తెరిచిపెట్టిన కార్లలోనే. ఐటీ కంపెనీల వాళ్లు, కాల్ సెంటర్ల వాళ్లు లోన్లు పెట్టి మొదటి కార్లు కొంటున్న రోజులవి. కారు ఇంటికొచ్చిన వారం తిరగకుండా మా గల్లీకి వచ్చేవారు. "భయ్యా, బేస్ చాహియే." బేస్ కావాలి, అందరిదీ ఒకటే మాట.

కారుతో పాటు కంపెనీ బిగించి ఇచ్చే స్టీరియోలో పాట వినిపిస్తుంది గానీ డప్పు మోత ఒంటికి తగలదు. అది తగలాలంటే డిక్కీలో సబ్‌వూఫర్ ఉండాలి. బేస్ అనే అడుగు శబ్దాలను మాత్రమే పలికే పెద్ద స్పీకర్ అది. దాన్ని కదిలించే బలం స్టీరియోకి ఉండదు కాబట్టి మధ్యలో ఆంప్లిఫయర్ పెడతాం. ఆంప్లిఫయర్‌కి బ్యాటరీ నుంచి విడిగా కరెంటు లాగి, బ్యాటరీ పక్కనే ఫ్యూజు వేస్తాం. కరెంటు వైరు కారుకు ఒక పక్క నుంచి, పాట వైరు రెండో పక్క నుంచి రావాలి. రెండూ కలిసి నడిస్తే ఇంజను ఈల పాటలోకి దూరుతుంది. బయట కొన్న స్టీరియోలకు ఆంప్లిఫయర్ కోసం వెనక సాకెట్లుంటాయి. కంపెనీ స్టీరియోకి ఉండవు. అందుకని స్పీకరుకు వెళ్లే వైరునే కత్తిరించి, దాని నుంచి ఒక పాయ తీసి, కన్వర్టర్ అనే చిన్న డబ్బా ద్వారా ఆంప్లిఫయర్‌కి ఇస్తాం. డిక్కీకి దగ్గర కదా అని అందరూ వెనక స్పీకర్ల వైర్లే తీసుకుంటారు. నేనూ అలాగే నేర్చుకున్నాను, అలాగే నేర్పాను.

నేను నేర్పినవాడు విజయ్, నా భార్య సునీతకు తమ్ముడు. చీరాలలో రేడియో రిపేరు షాపు మూతపడితే నేనే పిలిపించుకున్నాను. సునీత ఇక్కడ ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు. విజయ్ మా ఇంట్లోనే ఉండేవాడు. వాడి భార్య రాణి చీరాలలో వాడి అత్తగారింట్లో ఉండేది.

రెండేళ్లు తిరిగేసరికి పనంతా పట్టేశాడు. అంతవరకు సంతోషమే. తర్వాత ఇంకొకటి మొదలైంది. కారు దిగుతూనే కస్టమర్లు నా భుజం మీదుగా లోపలికి చూసి, "విజయ్ భయ్యా హై క్యా?" అని వాడి కోసం అడిగేవారు. వాడి పద్ధతి వేరు. నేను మీటరు చూసి ఆంప్లిఫయర్ సెట్టింగులు పెడతాను. వాడు కస్టమర్ సీడీయే వేసి, డ్రైవర్ సీట్లో కూర్చుని, కళ్లు మూసుకుని వింటూ, "కొంచెం తగ్గించు బావా... ఆఁ, అక్కడ" అనేవాడు. కస్టమర్ పక్క సీట్లో కూర్చుని వాడి ముఖం చూస్తూ నవ్వేవాడు. డిక్కీలో తల పెట్టి స్క్రూడ్రైవరుతో నాబ్ తిప్పేది నేను. బోర్డు మీద పేరు నాది.

ఆదివారం మా తెలుగు చర్చిలోనూ అంతే. మైకు ఈల వేస్తే ఒకప్పుడు నా కోసం చూసేవారు. ఇప్పుడు మార్తా ఆంటీ ముందు వరుసలోంచి లేచి, "విజయ్ బాబూ, కాస్త చూడమ్మా. ప్రసాదూ, నువ్వు కూర్చో నాయనా" అనేది. ఆమె ప్రేమతోనే అనేది. నేను కూర్చునేవాణ్ణి. పాస్టరు గారు అసూయ గురించి ప్రసంగించిన రోజున కూడా, ఇది పక్కింటివాడి కోసం చెబుతున్నారనుకుని విన్నాను.

2006 ఎండాకాలంలో విజయ్ తన నెలల పాప బాప్తిస్మానికి చీరాల వెళ్లాడు. వాడు లేని వారంలో అప్పుడే బజారులోకి వచ్చిన ఒక కొత్త మోడల్ కారు నా దగ్గరికి వచ్చింది. ఎప్పటిలాగే వెనక స్పీకర్ల నుంచి వైరు తీశాను. సౌండు తక్కువలో బేస్ అద్భుతంగా ఉంది. సౌండు పెంచితే మాయమవుతోంది. ఆంప్లిఫయర్ మార్చాను, ఎర్త్ మార్చాను, వూఫర్ పెట్టే మార్చాను. చివరికి మీటరు పట్టుకుని ఒక్కో వైరూ కొలిస్తే సంగతి బయటపడింది. ఆ కారులో వెనక స్పీకర్లు చాలా చిన్నవి. సౌండు పెరిగినప్పుడు అవి పగిలిపోకుండా స్టీరియోయే వెనక వైర్లలోని బేస్‌ను కోసేస్తోంది. ముందు డోర్లలో పెద్ద స్పీకర్లున్నాయి కాబట్టి అక్కడ కోయడం లేదు. ముందు డోరు నుంచి వైరు లాగితే సరిపోతుంది. తలుపుల కింద ఉండే గుమ్మం పట్టీలు ఊడదీసి, కార్పెట్ కింద నుంచి డిక్కీ దాకా లాగాలి. పని ఎక్కువ, అంతే.

విజయ్ తిరిగొచ్చాక చెప్పలేదు. చెప్పాలని నోటిదాకా వచ్చింది. నాకు తెలిసి వాడికి తెలియనిది ఒక్కటైనా ఉండనీ అనిపించింది. చాలా కాలం తర్వాత జేబులో డబ్బు ఉన్నవాడిలా నడిచాను ఆ రోజు.

వర్షాలు మొదలవుతుండగా ఖన్నా సాబ్ వచ్చాడు. మాకు దగ్గర్లోని ఒక కార్ల షోరూములో మేనేజరు. షోరూములోనే ఆడియో ఫిట్టింగ్ విభాగం పెడుతున్నారట. నెల జీతం మీద ఒక ఫిట్టర్ కావాలి. నా ముందే విజయ్ భుజం మీద చెయ్యి వేసి, "నీ పేరు చాలామంది చెప్పారు. ముందు నా కారు చెయ్యి, నచ్చితే ఒకటో తారీకు నుంచి వచ్చెయ్" అన్నాడు. నా వైపు తిరిగి, "ప్రసాద్ జీ, మీకు షాపుంది కదా, మీకేం" అన్నాడు.

ఆయన కారు ఆ కొత్త మోడలే.

ఆ సాయంత్రం విజయ్ ఇంట్లో ఒక చోట నిలబడలేదు. "అక్కా, జీతం వస్తే ఒక రూము తీసుకుంటా. క్రిస్మస్ లోపు రాణినీ పాపనీ తెచ్చేస్తా. ఫోన్లో నా గొంతు వింటే పాప ఏడుస్తోందంట." సునీత వాడి నెత్తి మీద ఒకటి వేసి, "ముందు ఆ కారు సరిగ్గా చెయ్యరా" అంది. నేను అన్నం తింటూ కూర్చున్నాను.

మర్నాడు వాడు వెనక స్పీకర్ల నుంచి వైరు తీస్తుంటే పక్కనే నిలబడి చూశాను. సాయంత్రానికి ఖన్నా కారు తీసుకెళ్లాడు. రెండు రోజుల్లో తిరిగొచ్చాడు. "హైవే మీద సౌండు పెంచితే బేస్ ఎక్కడికి పోతోంది భాయ్?"

విజయ్ నేను వెతికిన చోటల్లా వెతికాడు. ఎర్త్ బోల్టు కింద పెయింటు గీకాడు. ఆంప్లిఫయర్ మార్చాడు. నేను నడిచిన దారిలోనే వాడు నడుస్తుంటే, ఆ దారి ఎక్కడ తేలుతుందో తెలిసి నేను టీ తాగుతూ చూశాను. చివరికి నా దగ్గరికొచ్చాడు.

"బావా, నాకు అంతు చిక్కట్లేదు. నువ్వొకసారి చూడవా?"

"నన్నెందుకు అడుగుతావురా? నీ చెవుల్ని అడుగు. ఢిల్లీ అంతా వాటినే మెచ్చుకుంటోందిగా."

వాడు నవ్వాడు. వేళాకోళం అనుకున్నాడు. "సర్లే బావా, ముందు చెప్పు." నేను పక్క కారులోకి తల దూర్చాను.

ఇక వాడికి మిగిలింది గెయిన్ పెంచడం. స్టీరియో పంపిన శబ్దాన్ని ఆంప్లిఫయర్ ఎంత పెద్దది చేయాలో చెప్పే నాబ్ అది. హైవే మీద మోత రావాలని చివరిదాకా తిప్పాడు. అలా తిప్పితే ఆంప్లిఫయర్ ఇచ్చే శబ్దం చిరిగిపోయి, వూఫర్‌లోని వాయిస్ కాయిల్ అనే రాగి తీగ చుట్ట కాలిపోతుంది. ఆ సంగతి వాడికీ తెలుసు. కానీ ఖన్నా గంటగంటకూ ఫోన్ చేస్తున్నాడు. ఒకటో తారీకు దగ్గరికొస్తోంది.

ఆదివారం ఖన్నా ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని ఏదో ఫంక్షనుకి వెళ్తుంటే దారిలో వూఫర్ కాలింది. కారంతా కమురు వాసన. పిల్లలు భయపడి దిగిపోయారట. సోమవారం ఉదయం గల్లీ అంతా వినేలా విజయ్‌ని తిట్టాడు. వాడు తల వంచుకుని నిలబడ్డాడు. అప్పుడు నేను ముందుకొచ్చి, "సార్, నేను చూస్తాను" అన్నాను. ఆ మాట అనడానికే ఇన్ని రోజులూ ఆగానని అప్పుడు నాకు తెలుసు.

కొత్త వూఫర్ పెట్టాను. నేరుగా ముందుకెళ్లి గుమ్మం పట్టీ పీకాను. ముందు డోరు వైరు పట్టుకుని, పాయ తీసి, కార్పెట్ కింద నుంచి డిక్కీలోకి లాగాను. విజయ్ టార్చి పట్టుకున్నాడు. పని సగంలో ఉండగా టార్చి వెలుగు నా చేతుల మీద నుంచి పక్కకు జరిగింది. తలెత్తి చూస్తే, డ్యాష్‌బోర్డు మీద మూత కూడా తీయకుండా ఉన్న నా మీటరు మీద ఉంది.

"ఒక్క వైరు కూడా కొలవలేదు మీరు" అన్నాడు.

ఏ ఫిట్టరూ కొలవకుండా ముందు డోరు వైరు కోయడు. ముందే తెలిసినవాడే కోస్తాడు. అంతకు ముందెప్పుడూ వాడు నన్ను మీరు అనలేదు. టార్చి మళ్లీ నా చేతుల మీదికి తెచ్చాడు. పని అయ్యేదాకా కదలకుండా పట్టుకున్నాడు.

ఖన్నా సౌండు పూర్తిగా పెంచి విన్నాడు. ముఖం విప్పారింది. "మరి ఈ కుర్రాడికెందుకు చేతకాలేదు?"

నాలుగు మాటలు చెబితే చాలు. తప్పు వాడిది కాదు సాబ్, ఎవరైనా వెనక నుంచే తీస్తారు, ఈ కారు సంగతి నాకు ముందే తెలుసు. నేను అన్నది వేరు. "కుర్రాడు కదా సార్, నేర్చుకుంటాడు." వెనకేసుకొచ్చినట్టే ఉంటుంది. దానికంటే బాగా దిగే కత్తి నాకు ఈనాటికీ తెలియదు.

ఖన్నా వాడికి బదులు నన్ను రమ్మన్నాడు. ఒకటో తారీకు నుంచి షోరూముకి నేను వెళ్లాను. షాపు మూసేశాను. విజయ్ గుర్‌గావ్‌లో ఎవరి దగ్గరో రోజు కూలికి చేరాడు. "వాడికేమైంది? ఇక్కడ నువ్వుండగా అక్కడికెందుకు?" అని సునీత అడిగితే, "పనిలో ఇలాంటివి మామూలే" అన్నాను. వాడు అక్కకి ఏమీ చెప్పలేదు. రాణి, పాప ఆ క్రిస్మస్‌కి రాలేదు. తర్వాతి క్రిస్మస్‌కీ రాలేదు.

వచ్చింది 2009లో. చర్చి భోజనాల దగ్గర ఆ పిల్లని ఎత్తుకోబోయాను. గట్టిగా తండ్రి కాలు పట్టుకుని, "ఈ అంకుల్ ఎవరు?" అంది. మామయ్యమ్మా అని రాణి చెప్పింది. పిల్ల నమ్మలేదు. అది పట్టుకున్న తండ్రిని కూడా అది రోజూ చూడటం మొదలుపెట్టి అప్పటికి నెల రోజులే.

ఆ రాత్రి సునీతకి అంతా చెప్పాను. యూనిఫాం ఇస్త్రీ చేస్తోంది. ఇస్త్రీపెట్టె నిలబెట్టి నా వైపు చూసింది. "నాకు చెప్పి ఏం లాభం? వాడికి చెప్పు" అని మళ్లీ ఇస్త్రీ మొదలుపెట్టింది.

గుర్‌గావ్ వెళ్లాను. విజయ్ ఒక కారు కింద ఉన్నాడు. బయటికొచ్చి చేతులు తుడుచుకుంటూ విన్నాడు.

"ఇది నాకు ఆ రోజే తెలుసు కదా. తెలిసినవాడికి చెబుతారేంటి?"

"మరేం చేయమంటావురా?"

"ఖన్నాకి తెలియదు. గల్లీలో నన్ను తిట్టినాయన ఆయన. చెప్పదలుచుకుంటే ఆయనకి చెప్పండి." చేతిలో గుడ్డ పక్కన పడేసి, "టీ తాగుతారా?" అన్నాడు. తాగాను.

మర్నాడు ఖన్నా గదిలో నిలబడ్డాను. ఉద్యోగం పోవచ్చని తెలిసే వెళ్లాను. పోతే బాగుండునని కూడా ఉంది. కారు సంగతి, ముందే తెలిసి చెప్పని సంగతి, ఈ కుర్చీ అసలు విజయ్‌దన్న సంగతి అంతా చెప్పాను. ఆయన కంప్యూటర్ మీద నుంచి చూపు తిప్పి, గుర్తు తెచ్చుకోవడానికి నిజంగానే ప్రయత్నించాడు.

"కౌన్ విజయ్?"

మళ్లీ చెప్పాను. కారు గుర్తొచ్చింది, కాలిన వాసన గుర్తొచ్చింది, మనిషి గుర్తు రాలేదు. "ఆ కారు ఎప్పుడో అమ్మేశాను. ఛోడో ప్రసాద్ జీ, ఇప్పుడవన్నీ ఎందుకు? కింద రెండు డెలివరీలున్నాయి, చూడండి" అన్నాడు.

కిందికి దిగి ఆ రెండు కార్లూ చేశాను.

ఈ పనిలో పాతికేళ్లు కావస్తోంది. ఎవరి పని బాగుందని విన్నా లోపల ఏదో గుచ్చుకోవడం పూర్తిగా పోలేదు. పోతుందని ఎవరికీ మాట ఇవ్వను. ఒక్కటి మాత్రం నేర్చుకున్నాను. తెలిసిన మాట కారు ఇంకా మన ముందు తలుపులు తెరుచుకుని ఉన్నప్పుడే చెప్పాలి. నాది కారు అమ్ముడుపోయాక చెప్పిన నిజం. దానితో విజయ్‌కి ఉద్యోగం రాలేదు, నాకు శిక్ష కూడా పడలేదు.