ఎలీయేజరుగారి రుజువులు

ఎలీయేజరుగారికి రుజువు కావాలి. దేనికైనా సరే! వృత్తి శిక్షణ కేంద్రాలు నిబంధనల ప్రకారం నడుస్తున్నాయో లేదో తనిఖీ చేసే కన్సల్టెంటుగా పాతికేళ్ళు ఏజెన్సీ కొండలన్నీ తిరిగాడు మరి, ఆ జబ్బు ఒంటికి పట్టేసింది. టీ ఇస్తే, "పంచదార వేశారనడానికి రుజువేటండి?" అంటాడు. తాగి చూడొచ్చు కదా! ఊహూఁ, డబ్బా చూడాల్సిందే. ఓసారి చర్చి మెట్ల మీంచి జారిపడితే, లేపబోయిన భార్య డాలీని ఆపి, "ఆగవే! ముందు ఫొటో తియ్యి" అన్నాడట. ఆవిడ రెండు తీసింది, మొదటిది సరిగ్గా రాలేదని.

అలాంటి మహానుభావుడు హుకుంపేట కుట్టు శిక్షణ కేంద్రంలో తనిఖీకి దిగేసరికి టీచరు కృపావతికి గుండె గుభేలుమంది. ఇరవైమంది ఆడవాళ్ళు రోజూ కొండ దిగి వచ్చి నేర్చుకుంటున్నారు. హాజరు తక్కువని తేలిందా, కేంద్రానికి తాళమే. ఆ హాజరు వేసేది వేలిముద్రల మిషను. దానికేమో వీళ్ళ వేళ్ళంటే గిట్టదు. కాఫీ పళ్ళు కోసి, తిరగలి తిప్పి గీతలరిగిపోయిన బొటనవేళ్ళాయె!

ఆయన మిషను చూశాడు. ఎదురుగా కూర్చున్నవాళ్ళని చూశాడు.

"దీని ప్రకారం ఇవాళ పద్నాలుగుమంది రాలేదండి."

"ఎదురుగానే ఉన్నారు కదండీ!" అంది కృపావతి.

"ఉన్నారనడానికి రుజువేటి?"

వెనకనుంచి పైడమ్మ లేచింది. "గిల్లి సూడండి బాబూ!"

అందరూ గొల్లున నవ్వారు. ఆయన నవ్వలేదు. గిల్లనూ లేదు. "తలా ఓ చొక్కా కుట్టండి, బేగి. నా కొలతలకే" అన్నాడు.

మూడు రోజులు అక్కడే తిష్ట వేశాడు. కత్తెర పట్టుకుంటే ఫొటో, సూదిలో దారం ఎక్కిస్తే ఫొటో, అరిగిన ఒక్కో బొటనవేలికీ విడిగా ఫొటో. ఆఖరికి ఇరవై చొక్కాలూ గోనెసంచిలో కుక్కి, మూతికి సీలు వేసి బస్సెక్కేశాడు. "మన కొంప ముంచడానికే వెళ్తున్నాడు ముదనష్టపోడు!" అని కృపావతి పళ్ళు నూరింది.

నెల తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. కేంద్రం కొనసాగుతుంది, ఇకమీదట హాజరు రిజిస్టర్లో సంతకాలతోనే. వెంట ఆయన నివేదిక నకలు. కృపావతి అందరికీ పైకి చదివింది.

"ఇరవైమందీ వచ్చారు. రుజువులు: ఇరవై చొక్కాలు, రెండువందల పది ఫొటోలు. నేనూ చిన్నప్పుడు మా అమ్మతోపాటు గూడెం కొత్తవీధి తోటల్లో కాఫీ పళ్ళు కోసినవాణ్ణే. తనిఖీ హాజరు కోసం నా బొటనవేలు పదిసార్లు పెట్టినా మిషను ఒప్పుకోలేదు. అది ఇచ్చిన 'సరిపోలలేదు' చీటీలూ జతచేశాను. మిషను మాటే ఖాయమంటే, నేనూ అక్కడికి వెళ్ళనట్టే, ఈ తనిఖీ జరగనట్టే."

కృపావతి నివేదిక మడిచి పెట్టింది. "ఇంత మంచి మనిషినా నేను తిట్టిపోశాను!" అని కళ్ళు తుడుచుకుంది.

పైడమ్మ బుగ్గన చెయ్యి పెట్టుకుంది. "ఆయనా రానట్టేనా! మరయితే మూడ్రోజులూ మా కేరేజీల్లో సామబువ్వ తిన్నదెవురు మేడమ్?"