ఆయన కొన్న దిక్సూచి

మా ఆయన దాన్ని విశాఖపట్నంలో, హార్బరుకి పోయే దారిలో, ఓడల మీద వచ్చిన సరుకు అమ్మే ఒక ఇరుకు కొట్లో కొన్నారు. నిమ్మకాయంత గాజుబుడ్డి. లోపల నూనెలాంటి నీళ్ళు, వాటిలో తేలుతూ తిరిగే నల్లటి బిళ్ళ, బిళ్ళ అంచున తెల్లటి ఇంగ్లీషు అక్షరాల్లో దిక్కులు. అడుగున రబ్బరు కుప్పె ఉండేది. తడిచేసి నొక్కితే కారు డాష్‌బోర్డుకి పట్టుకుని కూర్చునేది. చవగ్గానే ఇచ్చాడని చెప్పారు. ఎనభైల మొదట్లో మాట ఇది. మా నూజివీడు వైపు అలాంటిది ఎవరి కారులోనూ నేను చూసి ఉండలేదు.

ఆయన నన్ను పుట్టింటినించి కాపురానికి తిరిగి తీసుకెళ్ళడానికి వచ్చారు అప్పుడు. ఆ ఏడాది మామిడి తోటలు పూత మీదున్నప్పుడు నాకు నెలలు నిండకుండా కాన్పయింది. పురిటికి పుట్టింటికి వెళ్ళడానికి ఇంకా టైముందనుకుంటుండగానే నొప్పులొచ్చి నూజివీడులోనే ఆస్పత్రిలో చేరాను. ఆడపిల్ల. ఏడవలేదు. చూస్తే మర్చిపోలేవు, వద్దమ్మా అని మా అత్తగారు నా మొహం అటు తిప్పేశారు. ఆవిడ నా మంచికే చేశారు. గుడ్డలో చుట్టి మగవాళ్ళ చేతికిచ్చారని తర్వాత తెలిసింది. ఎక్కడికి తీసుకెళ్ళారో నేనడగలేదు. ఎవరూ చెప్పలేదు. కాస్త లేచి తిరిగే ఓపిక రాగానే మా అమ్మ వచ్చి నన్ను విశాఖ తీసుకుపోయింది.

అక్కడ నన్ను గాజుగిన్నెలా చూసుకున్నారు. పక్కింట్లో చంటిపిల్లాడు ఏడిస్తే అమ్మ లేచి వెళ్ళి కిటికీ వేసేది. అయినా నాకు వినపడేది. పాలు పడి జాకెట్టు తడిసిపోయేది, నేను లోపలికెళ్ళి మార్చుకుని వచ్చేదాన్ని. ఆ సంగతి ఎవరితో చెప్పాలో తెలిసేది కాదు. మా ఆయన రాలేదు. కాపు మీదున్న తోటని వదిలి రావడం ఆ ఇళ్ళల్లో కుదరదు. ఆ మాట నాకూ తెలుసు. తెలిసినా రోజూ సాయంత్రం వీధి గుమ్మంలో కూర్చునేదాన్ని.

కాయంతా దిగిపోయి, తొలకరి వానలు ఒకటి రెండు పడ్డాక వచ్చారు. బాగా నల్లబడ్డారు. పోర్టులో గుమాస్తాగా చేసే మా నాన్నకీ మామిడి రైతుకీ మాట్లాడుకోవడానికి ఏముంటుంది? వరండాలో కూర్చుని ఒకే పేపరు పొద్దున్నించి మధ్యాహ్నం దాకా చదివారు. నాతో ఎలా ఉందని అడిగారు. బానే ఉందన్నాను. ఇక ఏం అడగాలో ఆయనకి తెలియలేదు, ఏం చెప్పాలో నాకు తెలియలేదు. సాయంత్రం అలా తిరిగొస్తానని వెళ్ళి, జేబులో దీన్ని వేసుకొచ్చారు. ఇక్కణ్ణించి మీ ఊరికి ఒకటే రోడ్డు కదండీ, తప్పిపోవడానికేముంది అని మా నాన్న నవ్వారు. ఆయనా నవ్వారు.

మర్నాడు తెల్లవారగానే బయల్దేరాం. కారు ఆయనదీ మా బావగారిదీ కలిపి కొన్న పాత అంబాసిడరు. నేను ముందు సీట్లో కూర్చున్నాను. అమ్మ కట్టిచ్చిన పులిహోర నా కాళ్ళ దగ్గర ఉంది. దిక్సూచి మా ఇద్దరి మధ్య, కాస్త నా వైపుగా అతికించారు. అనకాపల్లి దాటాం. అప్పుడు ఆయన రోడ్డు మీంచి చూపు తీయకుండా, "ఎటు పోతున్నాం?" అన్నారు.

నాకు అర్థం కాలేదు. దాన్ని గడ్డంతో చూపించారు. నేను ముందుకి వంగి చూసి, నైరుతి అని చెప్పాను. ఊఁ అన్నారు.

ఆ రోజంతా మా మాటలు అవే. తుని దగ్గర అడిగారు, నైరుతి. ఇంకాసేపటికి రోడ్డు వంపు తిరిగితే పడమర, మళ్ళీ నైరుతి. లారీ ఎదురొచ్చి పక్కనించి దూసుకుపోతే బిళ్ళ గిరగిరా ఊగేది, అది నిలబడేదాకా ఆగి చెప్పేదాన్ని. కారు ఇనుముకి అది కాస్త పక్కకి లాగుతుందనీ, కచ్చితంగా కావాలంటే కిందికి దించి చూసుకోమనీ కొట్టువాడు చెప్పాడట. ఆ మాట ఆయన చెప్పినప్పుడు, కచ్చితంగా ఎందుకు కావాలో నాకు అడగాలనిపించలేదు. ఆయన ఇంకేదైనా అడిగితే బావుండునని మాత్రం ఉంది. రాత్రులు నిద్ర పడుతోందా అని అడిగినా చాలు. ఆయన దిక్కు అడిగేవారు, నేను దిక్కు చెప్పేదాన్ని.

రాజమండ్రి వంతెన మీద కిందంతా ఎర్రనీళ్ళు. కొవ్వూరు దాటాక రోడ్డు పక్కన చింతచెట్టు కింద ఆగి పులిహోర తిన్నాం. ఆయన కారుకి ఆనుకుని నిలబడి తిన్నారు, నేను తలుపు తీసుకుని సీట్లోనే కూర్చుని తిన్నాను. మిగిలిన పొట్లం కట్టబోతుంటే, ఇంకొంచెం తినమన్నారు. చాలన్నాను. నా చేతిలోంచి పొట్లం తీసుకుని ఆయనే కట్టారు. కట్టడం రాక దారం రెండుసార్లు జారిపోయింది.

ఏలూరు దాటి హనుమాన్ జంక్షన్‌లో కుడివైపుకి తిప్పేసరికి పొద్దు వాలుతోంది. బిళ్ళ మెల్లగా తిరిగి ఉత్తరం చూపించింది. ఆయన అడగకముందే చెప్పాను. ఇంటికి దగ్గరవుతున్నాం. ఆ మంచం, ఆ గది, పలకరించడానికి వచ్చే ఆడవాళ్ళు. రెండు వైపులా తోటలు మొదలయ్యాయి. కాపు దిగిన తోటలు. కాపలా పాకల్లో మనుషుల్లేరు. కాయలు మోసిన గంపలు లేవు. కాయల కింద పరిచి, తొక్కిడికి నలిగిన వరిగడ్డి మాత్రం వానకి తడిసి నల్లబడి చెట్ల కింద పడి ఉంది.

ఊరు ఇంకాస్త ఉందనగా ఆయన రోడ్డు దిగి ఎర్రమట్టి పుంతదారిలోకి తిప్పారు.

"తూర్పు" అన్నాను. ఆగి, "ఇల్లు ఇటు కాదుగా అండీ" అన్నాను.

ఆయన గేరు మార్చారు. కారు గుంటల్లో పడి లేస్తోంది. బిళ్ళ పిచ్చిదానిలా తిరుగుతోంది. కొమ్మలు అద్దాలకి రాసుకుంటున్నాయి. అది ముసునూరు వైపున్న మా తోట అని కాసేపటికి పోల్చుకున్నాను. పెళ్ళైన కొత్తలో ఒకసారి వచ్చాను. అప్పుడు కాయల బరువుకి కొమ్మలు నేలని తాకుతుంటే వంగి నడిచాం.

ఇంజను ఆపాక ఏ చప్పుడూ లేదు. ఆయన దిగారు. డాష్‌బోర్డు మీంచి దిక్సూచి పీకి చేతిలో పట్టుకున్నారు. అప్పుడు నాకు తెలిసింది ఎక్కడికి తీసుకొచ్చారో. ఎలా తెలిసిందంటే చెప్పలేను. చెప్పులు కారులోనే వదిలి దిగాను.

తోట చివర, గట్టు వైపు వరసలో ఒక రసం మామిడిచెట్టు కింద నేల మీద ముళ్ళకంప పరిచి ఉంది. కుక్కలు తవ్వకుండా వేసింది. చుట్టూ గడ్డి మొలిచింది. అది జానెడు జాగా. నేను ఇంత చిన్నదనుకోలేదు.

"ఇక్కడే" అన్నారు.

నేను కూర్చున్నాను. ఏడుపు రాలేదు. కాపంతా ఆ వరసలోకి ఎవర్నీ రానివ్వలేదనీ, ఆ చెట్ల కాయ తనే కోశాననీ వెనకనించి చెబుతున్నారు. రోజూ ఇక్కడికి వచ్చేవారన్నమాట. ఇంట్లో ఎవరికీ తెలియదట. నేను విశాఖలో గుమ్మంలో కూర్చున్న సాయంత్రాలు ఆయన ఇక్కడ నిలబడి ఉన్నారు. అది తెలిస్తే దిగులు తగ్గాలి. తగ్గలేదు. ఎవరి చోట వాళ్ళం ఉన్నామని మాత్రం అర్థమైంది.

ఆయన దిక్సూచిని కంప పక్కన మట్టిలో పెట్టి, బిళ్ళ నిలబడేదాకా చూస్తూ మోకాళ్ళ మీద కూర్చున్నారు.

"దక్షిణం ఇటు" అన్నారు, గట్టు వైపు చూపించి. తన తోటలో దిక్కులు ఆయనకి తెలియనివా? పొద్దు చూసి చెప్పగలరు. నేను ఆయన మొహం చూశాను.

"తల దక్షిణానికి పెట్టాలన్నారు. కూడా వచ్చిన పెద్దాయన చెబుతూనే ఉన్నాడు. నేనే పెట్టా. మట్టి నేనే కప్పా. ఎటు పెట్టానో గుర్తు రావట్లా." పక్కనున్న గడ్డి పీకారు. "గుడ్డ చుట్టి ఉంది. ఏ వైపు తలో చూసుకోవాలిగా మరి. చూసుకున్నానో లేదో."

ఇన్ని నెలలు ఆయన మోసింది ఇది. కొట్లో ఆ గాజుబుడ్డి కనపడగానే, అది చెబుతుందనుకుని కొన్నారు కాబోలు. పెద్ద చదువు లేకపోయినా తెలివైన మనిషి. అది చెప్పదని తెలియదా?

"దక్షిణానికే పెట్టి ఉంటారు" అన్నాను.

"ఏమో."

"పెట్టే ఉంటారండీ. అలాంటివి చేతులకి తెలుస్తాయి."

నాకేం తెలుసు? నేను చూడను కూడా లేదు. కానీ నేను ఆ మాట అంటే ఆయన రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకున్నారు. నేను ఆయన భుజం మీద చెయ్యి వేశాను. చొక్కా చెమటకి తడిసి ఉంది. అట్లా ఎంతసేపున్నామో గుర్తులేదు. వాన మబ్బు పట్టేసరికి లేచి వచ్చాం. ఇంటికొచ్చాక మా అత్తగారు ఆలస్యమేమని అడిగితే, టైరు పంక్చరైందని చెప్పారు ఆయన. నేను తలూపాను.

ఆ తర్వాత దాని గురించి మేం మాట్లాడుకోలేదు. ఆ సాయంత్రం మా మధ్య తలుపు తెరుచుకుందనుకున్నాను. అదేమీ కాదు. ఆయన మళ్ళీ తెల్లారగానే తోటకి వెళ్ళేవారు, పొద్దుపోయి వచ్చేవారు. ఆగిరిపల్లిలో ఇంకో తోట కౌలుకి తీసుకున్నారు. ఇల్లు నిండా మనుషులు. వాళ్ళ మధ్య నాకు మాట్లాడ్డానికి ఎవరూ లేరనిపించేది. దిక్సూచి కారులోనే ఉండేది. మా బావగారి పిల్లలు దాన్ని తిప్పి తిప్పి ఆడితే ఎక్కడో చీలిక వచ్చి నీళ్ళు కారిపోయాయి. బిళ్ళ అడుక్కి పడిపోయింది. అలాగే చాలాకాలం ఉంది, ఎవరూ తీసెయ్యలేదు.

మళ్ళీ పూతల కాలం వచ్చింది. ఒక మధ్యాహ్నం గుడికని చెప్పి, ముసునూరు బస్సెక్కి పుంత దగ్గర దిగి, ఒక్కదాన్నే నడిచి వెళ్ళాను. తోటంతా పూత వాసన, తేనెటీగల రొద. దుక్కి దున్నేశారు. ముళ్ళకంప లేదు. గట్టు వైపు వరస అనుకున్న చోట నిలబడితే అన్ని చెట్లూ ఒక్కలాగే ఉన్నాయి. ఒక చెట్టు కింద కూర్చున్నాను. అది కాదేమోనని లేచి పక్క చెట్టు కిందికి వెళ్ళాను. తర్వాత ఇంకో చెట్టు. చివరికి రోడ్డు మీదికొచ్చి, తలమీద మోపులతో నిలబడ్డ ఆడవాళ్ళ పక్కన బస్సు కోసం నిలబడ్డాను.

సాయంత్రం ఆయన అన్నానికి కూర్చుని నా పాదాలు చూశారు. కడుక్కున్నా ఎర్రమట్టి గోళ్ళ పక్కన ఉండిపోయింది.

"తోటకి వెళ్ళావా?"

వెళ్ళానన్నాను.

"చెబితే తీసుకెళ్ళేవాణ్ణిగా."

"అడగబుద్ధి కాలేదండీ."

ముద్ద కలుపుకున్నారు. తర్వాత మెల్లగా, లోపలున్న అత్తగారికి వినపడకుండా, దొరికిందా అని అడిగారు. లేదన్నాను.

"నాక్కూడా ఒక్కోసారి దొరకదు" అన్నారు. నేను మజ్జిగ పోశాను. ఆయన తిని లేచారు.