కారు వేడెక్కేలోగా

ఫిబ్రవరి పదకొండు, శనివారం సాయంత్రం. కెనడాలోని రెజైనాలో మా ఇంటి బేస్‌మెంట్. హాజరైనవారు: నేను, కింద అద్దెకుంటూ చదువుకుంటున్న కుర్రాళ్లు నవీన్, సందీప్, నవీన్ ఎవరి దగ్గరో కొన్న పాత ఎలక్ట్రిక్ గిటార్, దాని యాంప్లిఫయర్.

నవీన్ తీగ మీటగానే ఇల్లంతా గర్రుమంది.

"ఆంటీ, వీని గిటార్ కన్నా మా అమ్మ మిక్సీ నయం," అన్నాడు సందీప్.

"సౌండ్ ఎక్కువైందా ఆంటీ? తగ్గిస్త," అని నవీన్ కంగారుపడ్డాడు.

తగ్గించవద్దన్నాను. అప్పటికే యాంప్లిఫయర్ వేడెక్కి, దాని మీద పేరుకున్న దుమ్ము మాడిన వాసన వస్తోంది. ఆ వాసన నాకు తెలుసు. చలికాలం పొద్దున నాన్న కారులో హీటర్ వేస్తే మొదట వచ్చేది అదే.

పదేళ్ల వయసులో కాకినాడ నుంచి ఈ ఊరు వచ్చాను. నాన్న ప్రభుత్వ వ్యవసాయ శాఖలో మట్టి పరీక్షలు చేసేవారు. తెలుగు మరిచిపోకుండా రోజుకొక పేజీ రాయమని నాకు డైరీ అలవాటు చేసింది ఆయనే. ఎండాకాలంలో అమ్మ పెరట్లోని పుల్లటి రూబార్బ్ మొక్క కాడలు కోసి, గోంగూర అనుకుని పప్పులో వేసేది. ఆకులు రాలే కాలంలో నేనూ పక్కింటి పిల్లలూ వాటిని గుట్టలు పోసి దూకేవాళ్లం. ఆ తర్వాత నెలల తరబడి చలి, పీల్చిన గాలికి ముక్కులో తడి గడ్డకట్టేంత చలి, అడుగేస్తే మంచు కిర్రుమనే చలి.

ఆ రోజుల్లో ఆఫీసుకు వెళ్లేముందు ఎవరో ఒకరు బయటికి వెళ్లి, ఇంజిన్ గడ్డకట్టకుండా రాత్రంతా కరెంటుకు తగిలించి ఉంచిన తీగ ఊడదీసి, కారు స్టార్ట్ చేసి, అది వేడెక్కేదాకా కూర్చోవాలి. పదిహేనో ఏట ఆ పని నేను చేస్తానన్నాను. "మా అమ్మాయి ఉండగా నాకు చల్లటి కారెక్కే ఖర్మ లేదండీ," అని నాన్న వచ్చిన ప్రతివారితోనూ చెప్పుకునేవారు.

నేను వెళ్లేది రేడియో కోసం. యూనివర్సిటీ పిల్లలు నడిపే ఒక చిన్న స్టేషన్ మా వంటింటి రేడియోకు అందేది కాదు, కారులో మాత్రం వచ్చేది. చెక్కలా బిగుసుకున్న సీటు మీద, పోపు వాసన పట్టిన కోటులో ముడుచుకుని కూర్చుంటే, హీటర్ హోరులోంచి గిటార్లు చిరుగుతూ వచ్చేవి. ఆ పాడేవాళ్లకు శిక్షణ ఉన్నట్టు లేదు. గొంతు పగిలినా ఆపేవాళ్లు కారు. స్కూల్లో నోరు విప్పితే నా ఉచ్చారణకు నవ్వుతారని వెనక బెంచీలో కూర్చునే నాకు, పగిలిన గొంతుతో అంత ధైర్యంగా పాడవచ్చునని చెప్పినవాళ్లు వాళ్లే. ఆ పాటలను ఆల్టర్నేటివ్ రాక్ అంటారని నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. దిగేముందు ధ్వని తగ్గించి, ముల్లును నాన్న వార్తల స్టేషన్ మీదికి తిప్పేదాన్ని.

ఒకరోజు తిప్పడం మరిచిపోయాను. నాన్న కారెక్కి తలుపు వేసీ వేయకముందే, మెల్లగా వస్తున్న పాట ఒక్కసారిగా హోరెత్తిందట. అదిరిపడి కారును మంచుగుట్ట మీదికి ఎక్కించినంత పని చేశారట. సాయంత్రం అన్నం ముందు కూర్చుని, "రేపట్నుంచి కారు నేనే చూసుకుంటాలే," అన్నారు. కోప్పడలేదు. కోప్పడితే బతిమాలుకోవచ్చు. ఆ కాసేపు పోతే ఆ పాటలు వినే చోటు నాకు ఊళ్లో ఇంకెక్కడా లేదు. ఆ రాత్రి డైరీలో తేదీ వేసి ఊరుకున్నాను.

మర్నాడు నాన్నే వెళ్లారు. ఎంతకీ రాలేదు.

"గడ్డకట్టుకుపోయారేమిటే ఈయన! చూసిరా," అంది అమ్మ.

వెళ్లి తలుపు తీశాను. కళ్లద్దాల నిండా ఆవిరితో, చేతులు ఒళ్లో పెట్టుకుని, నాన్న నా స్టేషనే వింటున్నారు.

"ఇది పాటంటావా, ట్రాక్టరంటావా?"

"పాటే నాన్నా."

"ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. తలుపెయ్, చలొస్తోంది. కూర్చుని చెప్పు, ఏమంటున్నాడో."

ఆ చలికాలమంతా ఇద్దరం కూర్చున్నాం. ఆయనకు ఆ పాటలు చివరిదాకా నచ్చలేదు. నాకు మాత్రం అప్పటినుంచి నున్నటి పాట ఏదీ చెవికెక్కలేదు. పెళ్లిళ్లలో సన్నాయి కంటే వెనకాల శ్రుతి పట్టే మనిషి ఊదే ఒకే ఒక్క స్వరం వినేదాన్ని. కచేరీలో తంబురా సవరించుకునే కాసేపే నాకు కచేరీ. జలుబు చేసిన రోజు అమ్మ తీసే కూనిరాగం మామూలు రోజు కంటే బాగుండేది.

గిటార్ మోగిన మర్నాడు, ఆదివారం పొద్దున, నవీన్‌కు స్టోర్‌లో పని. నా వంటింట్లో టీ తాగుతూనే తాళంచెవి మీద బటన్ నొక్కాడు. కిటికీలోంచి చూశాను. కారు దానంతటదే మేలుకుని పొగ వదులుతోంది, లోపల ఎవరూ లేరు. ఇప్పుడు ఏ ఇంటి ముందైనా అంతే; వేడెక్కేదాకా కారులో కూర్చునే పని ఎవరికీ లేదు.

కోటు వేసుకుని వెళ్లి పక్క సీట్లో కూర్చున్నాను. దుమ్ము మాడిన వాసన అలాగే ఉంది. రేడియోను నా పాత స్టేషన్ అంకె దగ్గరికి తిప్పాను. ఉత్త గరగర.

కాసేపటికి నవీన్ వచ్చి తలుపు తీశాడు. "ఆంటీ! ఈ చలిల ఏం చేస్తున్నరు? అండ్ల ఏం రాదు."

"తలుపెయ్ నాయనా, చలొస్తోంది," అన్నాను.