పీరుకు పట్టు దట్టీ

ఇదొక మహాయాత్ర కథ అని మొదలుపెడదామనుకున్నాను. నిజానికి మా నాయనా నేనూ ధర్మవరంలో బస్సెక్కి, ఇస్లామిక్ వారసత్వ మ్యూజియం చూసి వచ్చాం, అంతే.

మొహర్రానికి మా పేటలో ఎత్తే అరచెయ్యి ఆకారపు ఇత్తడి పీరు, దాన్ని ఉంచే చావిడి కూలిపోయాక ఆ మ్యూజియానికి చేరింది. పసితనంలో నాకు జ్వరం ముదిరినప్పుడు, తగ్గితే పట్టు దట్టీ నేసి చుట్టూ కడతానని నాయన ఆ పీరుకు మొక్కుకున్నాడు. జ్వరం వారంలో తగ్గింది. దట్టీకి ఇరవై ఏళ్లు పట్టింది. నాయన మగ్గం మీద ఎప్పుడూ ఎవరిదో ఒకరి పెళ్లిచీర ఉండేది మరి.

గాజుపెట్టెలోని పీరును నాయన ముందు గుర్తుపట్టలేదు. దట్టీలూ పూలూ లేకుండా ఎన్నడూ చూడలేదు.

"ఏమన్నా, బట్టలన్నీ విప్పి నిలబెట్టినారే!" అన్నాడు కాపలాదారుతో.

"నాకూ అట్లే అనిపిస్తాదన్నా. ఏం చేసేది, తాళంచెవి నా కాడ లేదు."

నాయన తను నేసిన ఎర్ర దట్టీని మడత విప్పి గాజుకు ఆనించి పట్టుకున్నాడు. నేను నిలబడ్డ చోటి నుంచి పీరు దాన్ని కట్టుకున్నట్టే ఉంది. కింద ఎర్రపట్టు, పైన ఇత్తడి అరచెయ్యి. జోకు వేద్దామని చూశాను, ఒక్కటీ తట్టలేదు.

"మొక్కు తీరినట్టేనా అన్నా?" అని అడిగాడు నాయన.

"తీరినట్టే. గాజు మీద చేతిముద్రలు పడినాయి, తుడ్సిపో."

గాజు మీది మరక పట్టుగుడ్డతో పోదు. నూలు తువ్వాలు కావాలి. నాయన భుజం మీదిది తీశాడు.