అడుగు కాలని పిజ్జా

2022 వేసవి. చింతామణి బస్టాండు వెనక సందులో నా అంగడి. మిక్సీలు, గ్రైండర్లు, కుక్కర్లు బాగుచేయడం మొదలుపెట్టి అప్పటికే ఇరవై యేళ్లు దాటింది. కరోనా రోజుల్లో ఇంటింటికీ కేకుల పిచ్చి పట్టాక ఓటీజీలు కూడా రాసాగాయి. ఓటీజీ అంటే కరెంటుతో నడిచే చిన్న ఓవెన్. పైన రెండు రాడ్లు, కింద రెండు రాడ్లు, వండేది పెట్టడానికి మధ్యలో కడ్డీల జాలీ, వేడి హద్దు దాటకుండా చూసుకునే థర్మోస్టాట్ ఒకటి. అంతే సరంజామా. అందుకే దాని రిపేరంటే నాకు కాస్త చులకన.

ఒకరోజు ప్రసన్న అనే ఆవిడ ఆటోలో ఓవెన్ తెచ్చింది. వాళ్లది తరతరాలుగా గుడిలో అర్చకత్వం చేస్తున్న ఇల్లు. బెంగళూరులో ఉండే తోడికోడలు కొత్తది కొనుక్కుని, పాతది ఈమెకిచ్చిందట.

"పిజ్జా చేస్తాండానప్పా. పైన బాగానే కాల్తాది. అడుగు మాత్రం తెల్లగా, తడిగుడ్డ మాదిరి ఉండాది. కొరికితే పటపటమనల్ల కదా?"

"కింద రాడ్డు పోయింటాది లేమ్మా. రేపు రాండి," అన్నాను.

మీటరు పెట్టి చూస్తే రాడ్డు బాగానే ఉంది. అయినా పాతది కదా అని మార్చేశాను. నాలుగు రోజులకు మళ్లీ తెచ్చింది. ఈసారి థర్మోస్టాట్ మార్చాను. అంగడిలో ఉన్న జాలీ పెట్టి, దాని మీద థర్మామీటరు ఉంచి అరగంట నడిపాను. రెండు వందల ముప్పై డిగ్రీలు, తిరుగులేదు. మూడోసారి వచ్చినప్పుడు, "ఓవెన్‌లో దోషం లేదమ్మా, మీరు పిండి కలిపేదాంట్లోనే ఏదో ఉండాది," అని తేల్చేశాను. ఆడలేక మద్దెలోడు అన్నట్టుందే అని లోపల నవ్వుకున్నాను కూడా. ఆ సామెత తగిలేది నాకేనని అప్పుడు తోచలేదు.

ఆమె గొడవ పడలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఆదివారం మా పక్కింటి పాప పుట్టినరోజప్పా. గుడ్డు తగలని పిజ్జా యాడా దొరకదని పది చెప్పినారు. ఇదే నా మొదటి ఆర్డరు. ఇది చెడితే ఓవెన్ వెనక్కి పంపిచ్చేయమంటాండారు మా అత్తమ్మ. మళ్లా నన్ను ఏ పనీ మొదలుపెట్టనీరు."

ఆ రోజు గురువారం. నాకు సిగ్గేసింది. "సాయంత్రం మీ ఇంటికొస్తా. నా ముందర ఒకటి చేసి చూపీండి," అన్నాను.

ఓవెన్‌కు వాళ్ల వంటింట్లో చోటు లేదు, నడవలో బల్ల మీద పెట్టారు. అత్తగారు ఎదురుగా కుర్చీలో కూర్చున్నారు. ప్రసన్న కొత్త రేకు ట్రేలో పిండి ఒత్తి, కూరగాయల ముక్కలు, చీజు వేసి, లోపలినుంచి జాలీ తెచ్చింది. ఆ జాలీకి చొక్కా తొడిగినట్టు అల్యూమినియం ఫాయిల్ రెండు మడతలు చుట్టి ఉంది.

"ఇదేందమ్మా?" అన్నాను.

ప్రసన్న తల దించుకుంది. అత్తగారే చెప్పారు. "ఆ బెంగళూరోళ్లు దాంట్లో కోడిగుడ్డు కేకులు చేసినారప్పా. ఆ జాలీ మాకు తగలకూడదని నేనే చుట్టమన్నా."

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కిందినుంచి వచ్చే వేడిని ఆ ఫాయిలే అడ్డుకుంటోంది. నేను మార్చిన రాడ్డు దాని అడుగున ఊరికే మండుతోంది. ఇన్నాళ్లూ అది నా కంట పడకపోవడానికి కారణం నా సొంత నియమమే. అంగడిలో కలిసిపోతాయని, జాలీలు, ట్రేలు ఇంట్లోనే ఉంచి ఓవెన్ మాత్రం తెమ్మని వచ్చినవాళ్లందరికీ చెప్పేవాణ్ణి.

"ఫాయిల్ తీసేస్తే సరిపోతాదమ్మా," అన్నాను.

"తీసేస్తే ఈ ఇంట్లో ఎవురూ తినరు," అన్నారు అత్తగారు.

మరునాడు వెల్డరు దగ్గర స్టీలు కడ్డీలతో కొత్త జాలీ చేయించి తీసుకెళ్లాను. "ఇది గుడ్డు మొహం చూడని జాలీ తల్లీ," అన్నాను.

"మరి ఓవెన్ లోపల గోడలు?" అన్నారు అత్తగారు.

"గోడలు యాడ తగుల్తాయి? గాలే కదా తగిలేది."

ఆమె జాలీని అటూ ఇటూ తిప్పి చూశారు. "గాలికి మైల లేదులే," అని తీర్పు చెప్పారు.

ఆ పూట చేసిన పిజ్జా అడుగు ఎర్రబడింది కానీ పటపటమనలేదు. ప్రసన్న మొహం చిన్నబోయింది. అంతవరకూ వేడుక చూస్తున్న అత్తగారికి ఉండబట్టలేదు.

"చల్లని రేకు మీద పెట్టి లోపలికి తోస్తాండావు, యాడ కాల్తాదే? పెనం కాలకుండా దోసె పోస్తామా?"

అని లేచి వెళ్లి, తను దోసెలు పోసుకునే కాడలేని ఇనప పెనం తెచ్చి ఇచ్చారు. పిజ్జా పెట్టకముందే ఓవెన్‌ను వేడెక్కించడాన్ని మేం ప్రీహీట్ అంటాం. అది నాకు తెలుసు. పెనాన్ని కూడా దాంతోపాటు కాల్చాలని మాత్రం తట్టలేదు. కొత్త జాలీ మీద పెనం పెట్టి అరగంట కాల్చాం. నీళ్లు చిలకరిస్తే సుయ్యిమంది. చపాతీ పలక మీదినుంచి ప్రసన్న పిజ్జాను దాని మీదికి జార్చింది.

పన్నెండు నిమిషాల తర్వాత తీసి, కత్తి వెనకవైపుతో అడుగును తట్టింది. టకటకమంది. అంచు విరిస్తే పటుక్కుమంది. పది రోజుల్లో ఆమె నవ్వడం అప్పుడే చూశాను. అత్తగారు చిన్న అంచు ముక్క నోట్లో వేసుకుని నమిలారు.

"ఆదివారం పదీ దీని మీదే చెయ్యి," అన్నారు. "దోసెలకు నేను ఇంకో పెనం తెప్పిచ్చుకుంటా."

పది పిజ్జాలూ వేళకు వెళ్లాయి. ఆ తర్వాత ఆమెకు ఆర్డర్లు వస్తూనే ఉన్నాయి.

ఇప్పుడు జాలీ, ట్రే అన్నీ తెమ్మంటాను, పేరు రాసిన చీటీ కట్టి పెట్టుకుంటాను. ఎవరైనా సరిగ్గా పనిచేయడం లేదంటే, ఎలా వాడుతున్నారో చేసి చూపించమని అడిగాకే స్క్రూ విప్పుతాను. ఆ ఒక్క మాట నేను మొదటి రోజు అడగనందుకు, పది రోజులు ఒక మనిషి తన చేతిలోనే పస లేదనుకుంది. రాడ్డు మార్చడం నాకు పది నిమిషాల పని. నేను కూడా వంత పాడి గట్టిచేసిన ఆ అనుమానాన్ని తీయడానికి మాత్రం, అత్తగారు తన పెనం ఇవ్వాల్సి వచ్చింది.