వంటత్తకి లేని పనసచెట్టు

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది. లోకంలో కష్టాలన్నీ ఎవరూ సరిగ్గా పూనుకోకపోవడం వల్లే మిగిలిపోయాయని, నేను పూనుకుంటే వారం రోజుల్లో తేలిపోతాయని. ఇరవై మూడేళ్ళ వయసు, టెక్కలి నుంచి కవిటి పక్క ఊరికి వేసిన కొత్త టీచరుద్యోగం, భుజాన ఒక సంచీ, ఆ సంచీలో నేనే రాసుకున్న ఉపన్యాసం. (దాన్ని చదవడానికి సందర్భం ఇంకా దొరకలేదు, అయినా సిద్ధంగా ఉంచుకున్నాను.) ఇప్పుడా పిల్లని తలుచుకుంటే కోపం రాదు. కొంచెం సిగ్గేస్తుంది, ఎక్కువగా నవ్వొస్తుంది.

సందర్భం మా బడిలో మధ్యాహ్న భోజనం వండే వంటత్త రూపంలో వచ్చింది. ఊరంతా ఆమెని అలాగే పిలిచేవారు. భర్తకి కిడ్నీ జబ్బు. విశాఖ ఆసుపత్రికి తిరిగిన మూడేళ్ళలో కొబ్బరితోట పోయింది, జీడితోట పోయింది, చివరికి ఆయనా పోయాడు. ఏడాది తిరిగాక కూతురికి ఇచ్ఛాపురం సంబంధం కుదిరింది. పెళ్ళివారు మంచివాళ్ళు. పిల్ల నచ్చింది, ఇంకేమీ వద్దు, మా వాళ్ళకి ఒక పూట కడుపునిండా పెడితే చాలన్నారు. ఆ ఒక్క పూటే వంటత్తకి కొండయి కూర్చుంది. ఊరి పిల్లలందరికీ రోజూ వండిపెట్టే మనిషికి, సొంత కూతురి పెళ్ళికి వండడానికి ఇంట్లో ఏమీ లేదు. ఎవరైనా సాయం చేస్తామన్నా ఆమెకి భయమే. "రేపు నా పిల్లని, అడుక్కున్న కూడు ఎట్టి పంపినారని అంతారమ్మా. అది జన్మంతా ఇనాల" అంది నాతో.

నేను శ్రద్ధగా విన్నాను. ఒక్క ముక్క అర్థం చేసుకోలేదు. మర్నాడే సంచీ తగిలించుకుని ఇల్లిల్లూ తిరగడం మొదలుపెట్టాను. ప్రతి గుమ్మం ముందూ నిలబడి వంటత్త పేరు, ఆమె భర్త జబ్బు, ఆమె పోగొట్టుకున్న తోటలు అన్నీ వరసగా చెప్పి, గొంతు కాస్త వణికించి (అద్దం ముందు సాధన చేశాను), డబ్బే ఇవ్వనక్కర్లేదు, ఇంట్లో ఏదుంటే అది ఇవ్వండి అనేదాన్ని. ఇచ్చినవాళ్ళందరి పేర్లూ పెళ్ళిలో మైకులో చదువుతానని కూడా మాటిచ్చాను. అది వాళ్ళకి ఉత్సాహాన్నిస్తుందని నా ఊహ.

వంటత్త ఇంటి పక్కిల్లు కంచె మావది. ఆయన అసలు పేరు నాకిప్పటికీ తెలియదు. ఏ పూట చూసినా కొబ్బరి మట్టలు పట్టుకుని కంచె బిగిస్తూ ఉండేవాడు. ఆయన పెరట్లో, వంటత్త పెరడు వైపు కంచెకి ఆనుకుని, మొదలు నుంచి కొమ్మల దాకా కాయలతో ఒక పనసచెట్టు ఉండేది. దాని మీద కోడి వాలినా ఆయన ఊరుకోడని చెప్పుకునేవారు. నా ఉపన్యాసం సగం కూడా వినకుండా ఆపేశాడు.

"సూడు టీచరమ్మా. ఆడు నా జతగాడు. ఆడి పెళ్ళాం పేరు సెప్పి ఈదిలో సెయ్యి సాపుతావేటి? నానేటీ ఇవ్వను."

తలుపు వేసేసుకున్నాడు. ఆయన గుండె రాయి అని మా బడి పెద్దమాస్టారికి ఆ సాయంత్రమే చెప్పాను. పెద్దమాస్టారు నవ్వి, నందిగాంలో తన పొలం బియ్యం పెళ్ళికి పంపిస్తానన్నారు. మైకు సంగతి మాత్రం మానేయమన్నారు. నేను అలిగాను, కానీ మానేశాను.

ఇక ఊరివాళ్ళు నా మాట అక్షరాలా పాటించారు. ఇంట్లో ఏదుంటే అది ఇచ్చారు. మే నెల ఉద్దానంలో ఇంట్లో ఏముంటుంది? పనసపళ్ళు. నేను కందిపప్పు, నూనె, చింతపండు వస్తాయని ఎదురుచూస్తూంటే ఆటోలో నాలుగు పళ్ళు దిగాయి. ఆ తర్వాత సైకిలు మీద రెండు. సాయంత్రానికి బడిలో ఒకటో తరగతి గది నిండింది. (సెలవులు కాబట్టి సరిపోయింది, లేకపోతే ఆ ఏడు ఒకటో తరగతి చెట్టు కింద నడిచేది.) రెండో రోజుకి రెండో తరగతీ నిండింది. ఆ వాసనకి వీధి చివర నుంచే ఈగలు, చుట్టాలు బయల్దేరారు. నేను గుమ్మంలో కూర్చుని ఏడవడం ఒక్కటే తక్కువ.

వంటత్త వచ్చి గదుల్లోకి తొంగి చూసింది. తిడుతుందనుకున్నాను. ఆమె ఒక్కో కాయనీ తట్టి చూసి, ఇది పొట్టుకి, ఇది పులావుకి, ఇది పాయసానికి అని వేరుచేయడం మొదలుపెట్టింది. చాలా రోజుల తర్వాత ఆమె ముఖంలో వంటమనిషి కనిపించింది. నేనూ సాయం చేస్తానని ఒక కాయని ఉత్సాహంగా నరికేశాను. చేతికి నూనె రాసుకోవాలని టెక్కలిలో నాకెవరూ చెప్పలేదు. జిగురుతో కత్తి ఒక చేతికి, చీర కొంగు రెండో చేతికి అతుక్కుపోయాయి. నన్ను విడదీయడానికి ఇద్దరు ఆడవాళ్ళు, అరసీసా కొబ్బరినూనె కావాల్సి వచ్చింది.

పెళ్ళినాడు పనసపొట్టు ఆవకూర, పనసకాయ పులావు, పనసగింజల పులుసు, కొబ్బరిపాలు పోసిన పనస పాయసం. ఇచ్ఛాపురం వారు విస్తళ్ళ మీదకి ఒంగినవారు ఒంగినట్టే ఉండిపోయారు. పెళ్ళికొడుకు తండ్రి మూడోసారి పాయసం వేయించుకుని, తోటలు పోయాయన్నారు కదా, ఇన్ని పళ్ళు ఎక్కడివమ్మా అని మామూలుగానే అడిగాడు. వంటత్త చేతిలో గరిటె ఆగిపోయింది. ఆ పంక్తిలో కూర్చున్న ఊరివాళ్ళంతా తలలు విస్తళ్ళలోకి దించేశారు. అప్పుడు, ఎవరూ అడగకుండానే, నేను పూనుకున్నాను.

"వాళ్ళ పెరట్లో చెట్టువేనండీ" అన్నాను.

ఆయన ముఖం వెలిగిపోయింది. "అయితే ఆ సెట్టు సూడకుండా ఎల్లను" అన్నాడు.

వంటత్త పెరట్లో ఒక నుయ్యి, ఒక బట్టల తాడు, కంచె. అంతే. ఒక్క అబద్ధంతో ఆ పిల్ల కాపురానికి మొదటి రోజే మచ్చ తెచ్చానని తెలిసిపోయింది. పంక్తి చివర కంచె మావ సగం విస్తరిలో లేచి వెళ్ళిపోవడం కనిపించింది. చూశావా, ఇప్పుడు కూడా ఎలా తప్పుకున్నాడో అని మనసులో తిట్టుకున్నాను. వియ్యంకుడు చేయి కడుక్కుని, కిళ్ళీ వేసుకుని, నాలుగు కబుర్లు చెప్పి తాపీగా లేచాడు. మేం ఆయన వెనకాల పెరటి వైపు నడిచాం, వంటత్త అందరికంటే వెనకాల.

కంచె లేదు. పీకేసిన కొబ్బరి మట్టలు ఒక పక్కన కుప్పగా పడి ఉన్నాయి. రెండు పెరళ్ళూ ఒకటే అయిపోయి, మధ్యలో పనసచెట్టు నిండుగా నిలబడి ఉంది. దాని పక్కన కంచె మావ, ఎంగిలి చెయ్యి వెనక్కి పెట్టుకుని, ఆయాసపడుతూ.

"ఈళ్ళదే బాబూ. నాను కాపలా కాత్తన్నాను" అన్నాడు.

వియ్యంకుడు చెట్టు చుట్టూ తిరిగి, మాను తడిమి, ఏడాదికో పండు మా కోడలికి రావాలన్నాడు. అలాగే వత్తాదని కంచె మావ జవాబిచ్చాడు. వంటత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నుయ్యి వైపు తిరిగిపోయింది. నేనూ ఏడ్చాను, దాచుకోలేదు కూడా.

మర్నాడు పొద్దున్నే ఉపన్యాసం నుంచి మంచి మాటలు ఏరుకుని ఆయనకి కృతజ్ఞత చెప్పబోయాను. ఆయన అప్పటికే కొత్త కంచె కడుతున్నాడు, చెట్టుకి అవతలి పక్కన, తన ఇంటి వైపు జరిపి. చెట్టు వంటత్త పెరట్లోకి వచ్చేసింది. నేను నోరు తెరిచేలోపే, "పాత కంచె పుచ్చిపోనాది. మార్సినాను, అంతే" అన్నాడు తల ఎత్తకుండా.

పదేళ్ళు దాటింది. ఏటా మేలో ఒక పండు ఇచ్ఛాపురం వెళుతూనే ఉంది. మొన్న ఆ దారిన వెళుతూ చూశాను, మట్టలు ఎన్నిసార్లు మారాయో గానీ కంచె ఇంకా అవతలి పక్కనే ఉంది. ఇప్పటికీ ఎవరికో సాయమని నేను ఇల్లిల్లూ తిరుగుతూనే ఉంటాను, పేరు మాత్రం చెప్పను. సంచీతో, ఉపన్యాసంతో బయల్దేరిన ఆ ఇరవై మూడేళ్ళ పిల్ల ఎక్కడైనా ఎదురైతే, చేతులకి ముందు నూనె రాసుకోమని ఒక్కటే చెబుతాను. మిగతాది కంచె మావ చెబుతాడు.